అయిదు బొమ్మల గోడ

సోమవారం పొద్దున్న సుభద్ర ప్రార్థన హాలు తలుపు తోసేసరికి, గోడమీద ఉండాల్సిన దేవుళ్లలో ఒక్కరూ లేరు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తేడా ఏమీ రాలేదు. శనివారం సాయంత్రం బడి వదిలేటప్పుడు ఆ గోడమీద గుడి ఉంది. మసీదు ఉంది. చర్చి, గురుద్వారా, జైనుల అరచెయ్యి, అన్నీ ఉన్నాయి. పైన హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి 'అన్ని మతాలూ సమానమే' అని బారెడు అక్షరాలు ఉన్నాయి. ఇప్పుడు ఈ మూల నుంచి ఆ మూలదాకా తెల్లటి సున్నం. అంతే.

ఎల్లుండి జిల్లా విద్యాధికారి వస్తున్నాడు. వచ్చేది ఆ గోడ చూడ్డానికే.

సుభద్ర పక్కనున్న బెంచీమీద కూలబడింది. అరవడానికి ఓపిక లేదు. హెడ్మిస్ట్రెస్‌గా చేరిన కొత్తలో అయితే ఈపాటికి కాలనీ అంతా వినబడేలా కేకలు పెట్టేది. అప్పటి సుభద్ర వేరు, పంతొమ్మిదివందల ఎనభయ్యారులో ఈ సుభద్ర వేరు. ఇప్పుడామెకు ముందుగా తట్టిన ఆలోచన ఒకటే. ఇవాళ ఎవరిదో ఉద్యోగం ఊడుతుంది.

రాయపూర్ వాగన్ రిపేరు కాలనీ వెనక, రైల్వే తెలుగువాళ్లూ బీర్‌గావ్ ఫ్యాక్టరీల తెలుగువాళ్లూ చందాలేసుకుని పెట్టుకున్న బడి అది. తెలుగు బడి అని పేరే గానీ పాఠాలన్నీ హిందీలోనే. తెలుగు ఒక సబ్జెక్టు. 'ఈ బడి ఏ మతానికీ చెందదు' అని పెట్టిన రోజే గట్టిగా తీర్మానించుకున్నారు. తీర్మానించుకున్నాక, ఆ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో కమిటీలో ఎవరికీ పాలుపోలేదు. అందుకని గోడమీద బొమ్మలు వేయించారు.

వేసింది డ్రాయింగ్ మాస్టారు జోగయ్య. విజయనగరం దగ్గర పుట్టి, రైల్వేలో ఉన్న అన్న వెంట ఇక్కడికొచ్చి, ఈ బడిలోనే జుట్టు నెరిసినవాడు. మొదట అయిదు బొమ్మలూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. చూడ్డానికి బాగుండేవి కూడా. తర్వాత కమిటీ ప్రెసిడెంటు సూర్యారావుకి గోపురం పొట్టిగా ఉందనిపించింది. గోపురం పెరిగింది. భన్‌పురిలో లారీలు తిప్పే సర్దార్జీ బడికి ఫ్యాన్లు ఇప్పించాడు. గురుద్వారా కొంచెం వెడల్పయింది. ఆ వెడల్పుకి మసీదు పక్కకి జరిగింది. మసీదు జరిగేసరికి చర్చి వెళ్లి ఫ్యూజు పెట్టె కింద దూరింది. అరచేతిది మరో కథ. బడి పోలింగు కేంద్రం కూడా కావడంతో, ఎన్నికలొచ్చినప్పుడల్లా అధికారులు 'ఇది పార్టీ గుర్తులా ఉంది' అని దానిమీద పాత పేపరు అంటించి పోయేవారు. ఆ పేపరు గీకి, చెయ్యి మళ్లీ వేసేవాడు జోగయ్య. ఎవరేం చెప్పినా ఆయన నోట ఒకటే మాట. "అలాగేనండి."

శనివారం ఆఖరి పీరియడు నీతి పాఠం. ఆ పాఠం గోడ ముందే. ఒక్కో బొమ్మ కింద ఆ మతం పిల్ల నిలబడి ఒక వాక్యం చెప్పాలి. 'నేను హిందువుని, మా దేవుడు గుడిలో ఉంటాడు.' 'నేను ముస్లింని, మా దేవుణ్ణి మసీదులో కొలుస్తాం.' అలా ఆ చివరిదాకా. తర్వాత అందరూ చేతులు పట్టుకుని 'మేమంతా ఒకటే' అనాలి. గంట కొడతారు. ఇళ్లకు పోతారు. ఏ మతం గురించీ ఆ ఒక్క వాక్యం దాటి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఒకసారి నాలుగో తరగతి పిల్ల లేచి, "వేసవి సెలవుల్లో బడి మూసేస్తే మరి గోడమీద వాళ్లకి ఉక్కపోయదా టీచర్" అని అడిగింది. సుభద్ర ఆ పిల్లని కూర్చోమంది.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది.

మన్‌రాఖన్. బడి ప్యూను. ఆరంగ్ దగ్గర అత్తారి ఊరు నుంచి పొద్దుటి బస్సులో దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో సంచీ అలాగే ఉంది. వెనక అతని కూతురు ఫుల్‌బాసన్, అయిదో తరగతి. ఇద్దరూ గోడ చూశారు.

"అరే," అన్నాడు మన్‌రాఖన్. పుట్టింది ఛత్తీస్‌గఢీ ఇంట్లో అయినా ఈ బడిలో ఏళ్లతరబడి గంట కొట్టి కొట్టి తెలుగు బాగానే వచ్చేసింది, హెడ్మిస్ట్రెస్‌ని పిలిచే హిందీ పిలుపు ఒక్కటీ తప్ప. "ఇదెవరు చేశారు బడీ బహెన్‌జీ?"

"నువ్వు కాదు కదా?" అంది సుభద్ర. అడిగాక తనకే సిగ్గేసింది.

అతను సంచీ కింద పెట్టాడు. "నేను చెయ్యాలనుకుంటే ఇంత నున్నగా ఎందుకు చేస్తాను? ఒక బకెట్టు పేడ నీళ్లు విసిరి పోయేవాణ్ణి."

ఫుల్‌బాసన్ కిసుక్కుమంది. తండ్రి చూసేసరికి నోరు మూసుకుంది.

సుభద్ర అతన్ని అలా అడగడానికి కారణం శనివారం జరిగిన సంగతి.

ఆ రోజు విద్యాధికారి రాకకు రిహార్సలు. గుడి బొమ్మ కింద ఎవర్ని నిలబెట్టాలా అని చూసి సుభద్ర ఫుల్‌బాసన్‌ని పిలిచింది. ఆ పిల్ల మాట ఆఖరి బెంచీదాకా వినబడుతుంది, తడబాటు లేదు. పిల్ల వచ్చి నిలబడి, గోపురం వైపు చూసి, "మేం గుడికి వెళ్లం బహెన్‌జీ" అంది. "మేం సత్నామీలం. మాకు జైత్‌ఖామ్ ఉంది. తెల్ల స్తంభం, పైన తెల్ల జెండా. బొమ్మలకి మొక్కం."

బెంచీలు సర్దుతున్న మన్‌రాఖన్ అప్పుడు ముందుకొచ్చి, ఎప్పుడూ ఏదీ అడగనివాడు ఒక మాట అడిగాడు. మూలకి ఒక చిన్న స్తంభం గీయిస్తే తన కూతురు దాని కింద నిలబడుతుంది కదా అని. రంగు కూడా తెలుపే గదా, ఖర్చు లేదు అని.

సూర్యారావు నవ్వాడు. పండరీలో బట్టల హోల్‌సేలు ఆయనది. దుకాణంలో గుమాస్తాలతో నవ్వినట్టే ఇక్కడా నవ్వుతాడు. "సత్నామీలు హిందువులే కదరా. హిందువులకి గుడి ఉండనే ఉంది. ఒక్కొక్కడికీ ఒక్కో బొమ్మ వేసుకుంటూ పోతే గోడని భిలాయి దాకా కట్టాలి."

అందరూ నవ్వారు. సుభద్ర కూడా నవ్వింది. సరే, పిల్ల గుడి కిందే నిలబడి వాక్యం చెప్పింది. బాగా చెప్పింది.

అప్పుడు సూర్యారావు భార్య రంగనాయకమ్మ లేచింది. పిల్లలకు కట్టే పట్టు ముక్కలు తెచ్చి ఒక పక్కన కూర్చుని ఉందామె. "ఏమండీ, గుడి ముందు ఆ పిల్లేమిటి? మన మనవడున్నాడు. బొట్టూ అదీ పెట్టి నేను తయారుచేస్తాను."

"పాప బాగా చెప్తోందమ్మా," అంది సుభద్ర.

"చెప్తే చెప్పింది. గుడి ముందు నిలబెట్టడానికి ఒక పద్ధతుండక్కర్లేదూ? వచ్చేవాడు పెద్ద ఆఫీసరు. అడిగితే ఏం చెప్తాం, ఎవరి పిల్లని చెప్తాం?"

ఊళ్లలో సత్నామీలని అంటరానివాళ్లుగానే చూస్తారని అక్కడున్న అందరికీ తెలుసు. సుభద్రకి కూడా. రంగనాయకమ్మ మాటకు ఎదురు చెప్పాలంటే ముందు కుర్చీలోంచి లేవాలి, గొంతు పెంచాలి, సాయంత్రం ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి సర్దిచెప్పుకోవాలి. అదంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగి, సుభద్ర చేతిలో ఉన్న కాగితాలు సర్దుకుంది. నిచ్చెన పక్కన నిలబడ్డ జోగయ్య మాస్టారే వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

మన్‌రాఖన్ అంతా చూశాడు. "ఇందాకే హిందువుల్లో కలిపారు, అప్పుడే తీసేశారు," అన్నాడు, గట్టిగానే. "ఈ గోడ ఉంటే ఎంత, పోతే ఎంత." పెళ్లాం పిల్లని తీసుకుని ఆ సాయంత్రమే ఊరెళ్లిపోయాడు.

ఆ మాట అక్కడున్న అందరికీ గుర్తే. సూర్యారావుకి మరీ గుర్తు.

ఆయన కారు పావుగంటలో బడి ముందు ఆగింది. ఎవరు కబురు చేశారో గానీ, దారిలోనే తీర్పు రాసుకుని వచ్చినట్టు దిగాడు. గోడ వంక ఒకసారి చూశాడు. మెడ ఎర్రబడింది.

"హాలుకి తాళాలు ఎన్ని సుభద్రమ్మా?"

"రెండండి. ఒకటి నా దగ్గర, ఒకటి మన్‌రాఖన్ దగ్గర."

"సున్నం ఎక్కడుంటుంది?"

"షెడ్డులో. దీపావళికి తెప్పించింది."

"షెడ్డు ఎవరి గది పక్కన? వాడి గది పక్కన. నోరు జారింది ఎవరు? వాడే. ఇంకేం కావాలి మీకు, వేలిముద్రలా?"

"వాడు ఊళ్లో లేడండి. ఇప్పుడే బస్సు దిగాడు."

"వాళ్ల ఊరివాళ్లు వాడి వైపు కాక మన వైపు చెప్తారా సాక్ష్యం?" సూర్యారావు గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆయన ఎక్కువ భయపెడతాడు. "చూడండి. ఇది ఒక్క బొమ్మల గొడవ కాదు. అయిదు మతాలవాళ్ల దేవుళ్లమీద సున్నం పడింది. మధ్యాహ్నానికల్లా భన్‌పురి నుంచి సర్దార్జీ వస్తాడు. కాలనీ మసీదువాళ్లు వస్తారు. ఎవరు చేశార్రా అంటారు. నేను ఒక పేరు చెప్పాలి. చెప్పకపోతే ఎవడికి తోచిన పేరు వాడు చెప్తాడు. అప్పుడు ఊళ్లో గడ్‌బడ్ అవుతుంది. నాకిది సరదా అనుకుంటున్నారా?"

అందులో అబద్ధం లేదు. సుభద్రకి అదే ఎక్కువ నీరసం తెప్పించింది.

"సాయంత్రందాకా టైమివ్వండి."

"సాయంత్రం బడి వదిలాక వస్తాను. వాడు ఒప్పుకుని సంతకం పెట్టి, గది ఖాళీ చేసి పోతే పోలీసుల దాకా వెళ్లను. పిల్ల టీసీ కూడా రాసి ఉంచండి." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "జోగయ్యని పిలిచి మళ్లీ గీయమనండి. ఎల్లుండి పొద్దుటికి అయిపోవాలి. జల్దీ."

మన్‌రాఖన్ బయట గంట దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. గంట కొట్టే వేళయింది గనక కొట్టాడు.

ప్రార్థన ఆ రోజు మైదానంలో జరిపించి, పిల్లల్ని క్లాసులకు పంపేసి, సుభద్ర మళ్లీ హాల్లోకి వచ్చి తలుపేసుకుంది. ఆమెకు గోడలతో పరిచయం లేదు గానీ ఇల్లు చూసుకున్న మనిషి. ప్రతి దీపావళికీ ఇంటికి సున్నం వేయించిన మనిషి. అరచేత్తో గోడ రాసింది. చేతికి పొడి అంటలేదు. అంటే సున్నంలో బంక కలిపారు. నీలిమందు కూడా పడింది, లేకపోతే ఇంత తెలుపు రాదు. అసలు బొమ్మలు వేసింది ఆయిల్ పెయింటుతో. దానిమీద ఊరికే సున్నం కొడితే నిలవదు, పెచ్చులు లేచిపోతుంది. ముందు గరుకు కాగితంతో గోడంతా రుద్ది ఉండాలి. ఫ్యూజు పెట్టె అంచున ఒక్క చుక్క లేదు. నేలమీద ఒక్క మరక లేదు.

కోపంతో చేసిన పని కాదు ఇది. ఆదివారమంతా పట్టి ఉంటుంది. ఒళ్లు వంచి, నెమ్మదిగా, పద్ధతిగా చేసిన పని.

ఇలా చేసే మనిషి ఈ బడిలో ఒక్కడే.

సుభద్ర హాలు చివర ఉన్న చిన్న తలుపు వంక చూసింది. దాని వెనక డ్రాయింగు గది. ఆ తలుపుకి గడియ అటువైపే. రంగుల డబ్బాలు అక్కడుంటాయని డ్రాయింగు గది బయటి తాళం చెవి ఏనాడో జోగయ్యకే ఇచ్చేశారు. సూర్యారావుకి ఆ సంగతి గుర్తు రాలేదు. జోగయ్యను మనిషిగా లెక్కేస్తే కదా, ఆయన తాళం గుర్తొచ్చేది.

ఆమెకు తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేదనిపించింది. జోగయ్యకి రిటైర్మెంటు దగ్గర పడింది. భార్య శేషమ్మకి ఉబ్బసం. కమిటీ బడిలో తీసేస్తే వట్టి చేతులతో పోవడమే. ఇటు చూస్తే మన్‌రాఖన్‌కి ఆ రేకుల గది తప్ప నీడ లేదు, ఆ పిల్లకి ఈ బడి తప్ప బడి లేదు. ఎవరో ఒకరి పేరు తన నోటితో చెప్పాలి. లేదా నోరు మూసుకుంటే, శనివారం మూసుకున్నట్టే మూసుకుంటే, పని దానంతటదే జరిగిపోతుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే డ్రాయింగు గదికి వెళ్లింది.

జోగయ్య ఆరో తరగతి చేత కూజా గీయిస్తున్నాడు. బల్లమీద మట్టి కూజా, చుట్టూ పిల్లలు. ఆమెను చూసి పిల్లల్ని బయటికి పంపేశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెట్టుకునేలోపే ఆమె చూసింది. వేళ్ల సందులు సున్నానికి పొక్కి పగిలి ఉన్నాయి, కొబ్బరినూనె రాసుకున్నాడు.

"సర్దార్జీ వచ్చారటగా," అన్నాడు ఆయన.

"వచ్చారు. చాయ్ తాగి వెళ్లారు. ఫ్యాన్లు బాగున్నాయా అని అడిగారు. గోడ వంక చూడను కూడా చూడలేదు."

"మసీదువాళ్లు?"

"వాళ్లెవరూ రాలేదు. అసలు అక్కడ మసీదు బొమ్మ ఉందని సగం మందికి తెలీదనుకుంటాను."

జోగయ్య నవ్వబోయి మానేశాడు.

సుభద్ర కిటికీ దగ్గర స్టూలుమీద కూర్చుంది. అడగదలుచుకున్న ప్రశ్న గొంతుదాకా వచ్చింది. అడిగితే ఆయన చెప్తాడు. చెప్తే తను మోయాలి. ఇంకో బరువు మోసే ఓపిక తనకు లేదని ఆమెకు తెలుసు. అందుకని అడగలేదు. జరగబోయేది మాత్రం చెప్పింది.

"సాయంత్రం మన్‌రాఖన్‌ని తీసేస్తారు మాస్టారూ. వాడిచేత ఒప్పుకోలు రాయించుకుంటారు. పిల్లకి టీసీ రాయమన్నారు."

ఆయన కూజా తీసి అలమారలో పెట్టాడు. మళ్లీ తీసి బల్లమీద పెట్టాడు.

"వాడు ఊళ్లో లేడు కదమ్మా."

"లేడు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వింటారా ఎవరైనా?"

"మీరేమన్నారు?"

"సాయంత్రందాకా టైమడిగాను."

జోగయ్య తల ఊపాడు. కుంచెలు కడగడం మొదలెట్టాడు. ఆ కుంచెలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

సుభద్ర తన గదికి తిరిగొచ్చి టీసీ పుస్తకం ముందు పెట్టుకుంది. పిల్ల పేరు రాయడానికి కలం విప్పింది. మూత పెట్టేసింది. మళ్లీ విప్పింది. కిటికీలోంచి మన్‌రాఖన్ గది కనబడుతోంది. అతని భార్య గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. తొందరేమీ లేదు ఆమెకి, ఏడుపూ లేదు. ఇలాంటి మూటలు ఇంతకుముందు కట్టిన చేతుల్లా ఉన్నాయి. ఫుల్‌బాసన్ మాత్రం బడి యూనిఫాంలో మెట్లమీద కూర్చుని హిందీ పుస్తకం పైకి చదువుతోంది. గొంతు ఇక్కడిదాకా వినబడుతోంది.

సుభద్ర టీసీ పుస్తకం సొరుగులో పడేసి తాళం వేసింది. వాళ్లేం చేస్తారో చేసుకోనీ, ఇది మాత్రం తను రాయదు. చాలా చిన్న పని అది, ఎవరికీ లెక్కలోకి రాదు. అయినా ఆ మాత్రం చేసేసరికి ఆమెకు అలుపొచ్చింది.

బడి వదిలారు. సూర్యారావు వచ్చాడు. వెంట రంగనాయకమ్మ, కమిటీ కార్యదర్శి అమ్మిరాజు. అమ్మిరాజు రైల్వే గుమాస్తా, ఏ కాగితమైనా ఇట్టే రాసిపెడతాడు. ఇదీ రాసుకొచ్చాడు. హాల్లో తెల్లగోడ ముందు బల్ల వేశారు. మన్‌రాఖన్‌ని పిలిచారు.

"చదువు," అన్నాడు సూర్యారావు.

"తెలుగు మాట్లాడతాను. చదవడం రాదు."

"అమ్మిరాజూ, చదివి వినిపించు."

అమ్మిరాజు చదివాడు. ద్వేషంతో, దురుద్దేశంతో, ఇతర మతాలవారి మనసు నొప్పించాలని, అని చాలా దూరం వెళ్లింది. మన్‌రాఖన్ అంతా విన్నాడు.

"నేను చెయ్యలేదు సాబ్."

"సంతకం పెట్టు చాలు, బస్. పోలీసులకి చెప్పనని మాటిస్తున్నాగా."

"చెప్పండి పోలీసులకి. చెయ్యని పనికి సంతకం పెట్టను. గది కావాలంటే తీసుకోండి, మూట కట్టేశాం."

"చూశారా పొగరు," అంది రంగనాయకమ్మ.

సుభద్ర నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు, కానీ ఈసారి కుర్చీలోంచి లేచింది. ఆమె లేవడమూ, హాలు చివర చిన్న తలుపు గడియ తీసిన చప్పుడూ ఒకేసారి జరిగాయి.

జోగయ్య లోపలికొచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు, తల దువ్వుకున్నాడు. బల్ల దాకా వచ్చి, అమ్మిరాజు ముందున్న కాగితం తీసి, దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమిటి మాస్టారూ ఇది?" అన్నాడు సూర్యారావు. "గీయడం మొదలెట్టారా లేదా?"

"లేదండి," అన్నాడు జోగయ్య. ఆ మనిషి నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. అందుకని ఎవరూ అడ్డు రాలేదు.

"నేనే చేశానండి. మన్‌రాఖన్‌కి ఇందులో ఏమీ తెలీదు. ఆదివారం పొద్దున్నే వచ్చాను, చీకటి పడేదాకా ఉన్నాను, ఆ తలుపులోంచి వచ్చాను, అందులోంచే వెళ్లాను. ఎవరైనా చూసి ఉంటే బొమ్మలు సరిచేస్తున్నాననుకుని ఉంటారు. నేనూ అదే అనుకుని వచ్చాను. చెరపాలని రాలేదండి. స్తంభం గీద్దామని వచ్చాను. శనివారం పిల్లని పక్కకి తీసుకెళ్లాను కదా, తీసుకెళ్లి ఆ హార్మోనియం వెనక నిలబెట్టాను. 'మరి నేను ఏ బొమ్మ కింద మాస్టారూ' అంది. నువ్వు పాట పాడుదువుగాని అన్నాను. పాటే లేదండి ఆ ప్రోగ్రాంలో. ఆ సంగతి పిల్లకీ తెలుసు. సరేనంది. నన్ను ఊరుకోబెట్టడానికి సరేనంది, పదేళ్ల పిల్ల. ఆ రాత్రి శేషమ్మ అన్నం పెడితే సయించలేదు. ఒక్క తెల్ల స్తంభం, దానికేం భాగ్యం, గీసేద్దాం, ఎల్లుండి ఆఫీసరు ముందు మీరు చెరిపించలేరు కదా అనుకున్నాను. పొద్దున్నే వచ్చి దారం పట్టి కొలిచానండి. చోటు లేదు. గోపురం తగ్గించాలి, లేకపోతే మసీదు ఇంకా జరపాలి, చర్చిని జరపాలంటే ఫ్యూజు పెట్టె. ఇటు కొలిచాను, అటు కొలిచాను. ఎవర్నో ఒకర్ని తోస్తే గానీ ఆ పిల్లకి చోటు రాదు. సరే, తోశాను అనుకోండి. రేపు కబీరు దారిలో నడిచే కబీర్‌పంథీల పిల్ల వస్తే? అమ్మానాన్నా చెరో మతం అయిన పిల్ల వస్తే? ఏ దేవుడూ లేడనే ఇంటి పిల్ల వస్తే? మళ్లీ నిచ్చెన, మళ్లీ నేనే. ఇన్నేళ్లూ ఎవరు ఏం పెంచమంటే అది పెంచాను, ఏం జరపమంటే అది జరిపాను, బొమ్మలే కదా అనుకున్నాను. పిల్లల్ని తెచ్చి వాటి కింద నిలబెట్టేది నేనూ చూస్తూనే ఉన్నాను, అది నా పని కాదనుకున్నాను. నాకు కోపం రాలేదండి. ఎవరిమీదా ద్వేషం లేదు, ఈ కాగితంలో ఉన్నదేదీ నాకు లేదు. అలిసిపోయాను. దారం పక్కన పెట్టి, షెడ్డులోంచి సున్నం తెచ్చి నానేశాను. గరుకు కాగితంతో ముందు గుడి రుద్దాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ పూతలు దానికే ఉన్నాయి. పొద్దున్న చెప్పేద్దామనే వచ్చాను. మీ కారు చూసి భయపడ్డాను. కూజా గీయిస్తూ కూర్చున్నాను. అది తప్పే. వాణ్ణి పొద్దుట్నుంచీ అలా నిలబెట్టింది నేను, మీరు కాదు. మన్‌రాఖన్, నన్ను క్షమించు నాయనా, మూట విప్పమని చెప్పు ఇంట్లో. నన్ను తీసేస్తారా తీసేయండి. కొత్త కాగితం రాయండి అమ్మిరాజుగారూ, దురుద్దేశం అన్న మాట లేకుండా రాయండి, సంతకం పెడతాను. రేపు రావద్దంటే రాను. రమ్మంటే పొద్దున్నే వచ్చి పాఠం చెప్పుకుంటాను. ఆ గోడ మాత్రం ఇంక నాచేత కాదండి."